దొర గుడ్లు పదకొండు

మిషనత్తకి కోపం ముక్కు మీద ఉంటుందని వీధిలో అందరూ అంటారు. తప్పు. ముక్కు మీదే ఉంటే తుమ్మినప్పుడల్లా కొంచెమైనా రాలిపోయేది. ఆవిడకి కోపం ఒళ్లంతా ఉంటుంది. కత్తెర పట్టుకుంటే కత్తెరలోకి వస్తుంది, మిషను తొక్కితే పాదంలోకి దిగుతుంది. స్కూలు యూనిఫారాలు కుట్టే మనిషి కదా, ఏటా తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. "కాస్త వదులుగా పెట్టత్తా, వచ్చే ఏటికి కూడా సరిపోవాలి" అంటారు. "మీవాడు వచ్చే ఏటికి ఎంత పెరుగుతాడో నాకేమైనా కలొచ్చిందా?" అని కసురుతుంది. కసిరి, లోపల అంగుళమున్నర మడత వదిలి కుడుతుంది. అందుకే తిట్లు తింటూ కూడా ఎవరూ వేరే టైలరు గడప తొక్కరు.

ఆవిడ మొగుడు ఇస్త్రీ మామ. నోట్లో నాలుక లేని మనిషి. ఒక్క మాట చెప్పాలంటే చొక్కా మడత పెట్టినంతసేపు తీసుకుంటాడు. ముందు చేతులు, తర్వాత అంచులు, చివరికి కాలరు. ఆయన కాలరు దాకా వచ్చేలోపు మిషనత్త ఆ మాట తానే పూర్తి చేసి, జవాబు కూడా చెప్పేసి, తిట్టాల్సిన నాలుగూ తిట్టి, ఇంకో పనిలో పడిపోతుంది.

ఆ ఇంట్లో ముందు గది ఆవిడది. మిషను, కత్తిరించే బల్ల, గోడ నిండా దారపు ఉండలు. వెనక గది ఆయనది. నీళ్ల తొట్టి, ఇస్త్రీ బల్ల, ఎప్పుడు చూసినా ఆవిరి. ఆవిడ గుడ్డ మీద సుద్దతో గీతలు గీసి, కత్తిరించి, కుడుతుంది. కుట్టినవి వెనక గదికి పోతాయి. ఆయన వాటిని గుమ్మంలోనే ఎవరివి వాళ్లకి వేరు చేసి బుట్టల్లో పెడతాడు. ఒక్కో బుట్ట అంచుకి, చెరగని సిరాతో పేరు రాసిన చిన్న గుడ్డ చీటీ పిన్నుతో గుచ్చుతాడు. ఆ తర్వాతే తడిగుడ్డ చేతిలోకి తీసుకుని, సుద్ద గీత ఒక్కటి కూడా మిగలకుండా తుడుస్తాడు. నలభై ఏళ్లలో ఈ వరస ఒక్కసారి కూడా తప్పలేదు. ముందు వేరు చేయడం, ఆ తర్వాత తడపడం.

గీత మాత్రం ఒకే ఒక్కసారి మిగిలిపోయింది. హెడ్‌మాస్టరమ్మ కోటు వీపు మీద, జానెడు పొడుగున. ఆవిడ బోర్డు వైపు తిరిగినప్పుడల్లా క్లాసు క్లాసంతా నవ్వారట. సాయంత్రం ఆ కోటు తెచ్చి మిషను మీద విసిరికొట్టి పోయింది. ఆ రోజు మిషనత్త మొగుడి మీద నిప్పులు చెరిగింది. "నా సుద్ద గీత ఎక్కడ కనిపిస్తే అక్కడ తుడిచెయ్! నన్ను అడగొద్దు, నువ్వు ఆలోచించొద్దు. తుడిచెయ్, అంతే!" ఆయన సరేనని తలూపాడు. ఇరవై ఆరేళ్లుగా ఆ మాట మీదే ఉన్నాడు.

ఇంక కోళ్ల సంగతి. అదీ కోపంలోంచి పుట్టిందే. వయసులో ఉన్నప్పుడు ఆవిడ ఒక బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. లైను మొత్తంలో ఆవిడ చెయ్యే ముందు. కూతురు పుట్టాక, ఇంటికెళ్లి పాలిచ్చి రావడానికి రోజుకో పావుగంట అడిగింది. సూపర్‌వైజరు నవ్వాడు. "పనీ, పిల్లలూ రెండూ ఒక మనిషికి కుదరవమ్మా. ఏదో ఒకటి తేల్చుకో" అన్నాడు. ఆ సాయంత్రం ఆయనే తేల్చేసి, మర్నాటి నుంచి రావద్దన్నాడు. ఆవిడ కన్నీటి చుక్క రాల్చలేదు. సొంత మిషను కొనుక్కుని, దాని పక్కన ఉయ్యాల కట్టి, ఒక కాలుతో పెడలు తొక్కుతూ ఇంకో కాలుతో ఉయ్యాల ఊపింది. కూతురు పెరిగి పెద్దదై తన కాపురం తాను చేసుకుంటోంది. ఆ మాట మాత్రం ఈవిడకి ఇప్పటికీ అరగలేదు.

పెరట్లో వాళ్లమ్మ నాటి బోసిమెడ కోళ్లుండేవి. మెడ మీద ఒక్క ఈకా ఉండదు, ఎర్రగా బోసిగా ఉంటుంది. అవి రాయి పెట్టినా పొదుగుతాయి, పిల్ల జోలికొస్తే ఎంతటిదాని మీదకైనా ఎగురుతాయి. కానీ పన్నెండు గుడ్లు పెట్టి మూడు నెలలు సెలవు తీసుకుంటాయి. ఆవిడ ఫారం నుంచి తెల్లకోళ్లు తెచ్చి చూసింది. అవి రోజూ గుడ్డు పెడతాయి. పెట్టి, దాని మీదే నడిచిపోతాయి. రెండు జాతుల్నీ కలిపితే రెండు గుణాలూ ఉన్న కోడి రాదా అని, పిల్లల్ని పొదిగించి అమ్మే హేచరీ ఆయన్ని అడిగింది. ఆయనా నవ్వాడు. "గుడ్లూ, పిల్లలూ రెండూ ఒక కోడికి కుదరవమ్మా."

అదే మాట, అదే నవ్వు, చివర్లో అదే అమ్మా. మిషనత్తకి అరికాలి మంట నెత్తికెక్కింది. "కుదిర్చి తెచ్చి నీ బల్ల మీద పెడతా చూడు!" అని వచ్చేసింది. అది జరిగి పదకొండేళ్లు. ఆ హేచరీ మూతపడి కూడా మూడేళ్లయింది. ఈవిడ మాత్రం ఆపలేదు.

బోసిమెడ పుంజుని తెల్లపెట్టలకి జత చేసింది. ఆ పిల్లలు పెరిగి గుడ్లు బాగానే పెట్టాయి. పొదగడానికి కూర్చుని, ఎనిమిదో రోజున ఎవరో పిలిచినట్టు లేచి వెళ్లిపోయేవి. వాటిని మళ్లీ బోసిమెడ వైపు కలిపితే చక్కగా పొదిగేవి, గుడ్లు తగ్గిపోయేవి. ఇటు లాగితే అటు పొట్టి, అటు లాగితే ఇటు పొట్టి. ఈకల అందం చూళ్లేదు, రంగు చూళ్లేదు. రోజూ గుడ్డు పెట్టిందా, ఇరవై ఒక్క రోజులు కూర్చుందా, ఆ రెండే చూసింది. రెండిట్లో ఒకటి తప్పినదాన్ని మొహమాటం లేకుండా వంటింట్లోకి పంపింది.

ఐదో తరంలో దొర పుట్టాడు. చూడ్డానికి పరమ వికారం. తెల్లటి ఒంటి మీద ఎవరో సిరా చిమ్మినట్టు మచ్చలు, బోసిమెడ, కొంచెం వంకర కాలు. నడక మాత్రం ఆ వీధంతా తన పేరున రాసిచ్చినట్టు ఉండేది. అందుకే దొర. వాడికి ఐదుగురు కూతుళ్లు. ఐదుకి ఐదూ వారానికి ఐదేసి గుడ్లు పెట్టాయి, కాలం రాగానే కదలకుండా పొదిగాయి, పిల్లల్ని తిప్పాయి, మళ్లీ గుడ్లకొచ్చాయి. ఐదో పెట్ట కూడా పిల్లల్ని లేపుకొచ్చిన రోజు మిషనత్త పెరట్లో నిలబడి గొంతు చించుకుని అరిచింది. "కుదిరింది! విన్నారా, కుదిరింది!" పక్కింటి బేకరీ ఆయన దొంగలు పడ్డారనుకుని పిండి చేతులతో పరిగెత్తుకొచ్చాడు.

ఆ ఏడు వానల్లో తెగులొచ్చింది. తొమ్మిది రోజుల్లో ఐదు పెట్టలూ, వాటి పిల్లలూ తుడిచిపెట్టుకుపోయాయి. ఆ వంశంలో దొర ఒక్కడే మిగిలాడు. పోనీలే విత్తనం ఉంది అని గుండె దిటవు చేసుకుని, తెగులుకి తట్టుకున్న పాత మందలోంచి నాలుగు మంచి పెట్టల్ని ఏరి వాడితో ఎడమవైపు దొడ్లో పెట్టింది. కుడి దొడ్లో ఎర్రోడనే మామూలు పుంజు, మామూలు పెట్టలు. ఆ గుడ్లు తినడానికి. రెండు దొడ్ల పెట్టలూ ఒక సంతానమే కాబట్టి గుడ్లన్నీ ఒకటే రంగు, ఒకటే సైజు.

వారం తిరక్కుండా, ఒక మిట్టమధ్యాహ్నం వీధికుక్క జాలీ కింద తవ్వుకుని ఎడమ దొడ్లోకి దూరింది. దొర పెట్టల్ని మూలకి తోసి ఎదురు నిలబడ్డాడు. మిషనత్త కత్తెరతో పరిగెత్తే సరికి అంతా అయిపోయింది. కుక్కని వీధి చివరిదాకా తరిమి, తిరిగొచ్చి, జాలీ కింద రాళ్లు పేర్చని మొగుడిని దులిపేసి, గొయ్యి తానే తవ్వి దొరని పూడ్చింది.

పుంజు పోయినా వారం పైదాకా పెట్టలు పెట్టే గుడ్లలో దాని విత్తనం ఉంటుంది. రెండు పెట్టలు బెదిరిపోయి గుడ్లు మానేశాయి. మిగిలిన రెండూ కలిపి పదకొండు పెట్టాయి. లోకంలో దొర అనేవాడికి మిగిలింది ఆ పదకొండు గుడ్లే. వాటి మీద సుద్దతో ఇంటూ గుర్తు పెట్టింది, కుడి దొడ్డి గుడ్ల మీద ఒట్టి గీత. సిరా అయితే పెంకులోంచి లోపలికి దిగుతుందని ఆవిడ భయం. మొత్తం ముప్పై గుడ్లు ఒకే ట్రేలో సర్ది మిషను కింద చల్లగా పెట్టింది. పొదగడానికి అవ్వ అనే ముసలి బోసిమెడ పెట్ట అప్పుడప్పుడే గూట్లో కూర్చుంటోంది. నిలకడగా కూర్చుంటుందో లేదో తెలియడానికి దాని కింద మూడు రోజులు రాళ్లు ఉంచడం మిషనత్త పద్ధతి.

సరిగ్గా ఆ మూడు రోజులే ఆసుపత్రి పిలిచింది. కంట్లో పొరకి ఆపరేషను, ఐదు నెలలు ఆగితే దొరికిన తేదీ. చెల్లెలు వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. గుడ్లు ఇంకో నాలుగైదు రోజులు ఆగుతాయిలే అనుకుని మిషనత్త బయల్దేరింది. గింజలెప్పుడు వెయ్యాలో, నీళ్లెప్పుడు మార్చాలో, దొడ్డి తలుపు ఎలా బిగించాలో మొగుడికి మూడుసార్లు చెప్పింది. గుడ్ల సంగతి చెప్పలేదు. ఆయన గుడ్ల జోలికి పోతాడని ఆవిడకి కల్లో కూడా రాలేదు.

ఆసుపత్రిలో నర్సమ్మ జాగ్రత్తలు చెప్పింది. నెల రోజులు చుక్కల మందు. వంగకూడదు. పొగ, ఆవిరి తగలకూడదు. ఇంట్లో దుమ్ము ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఏడవకూడదు.

"నేనా? ఏడవడమా?" అంది మిషనత్త. చెల్లెలు నర్సమ్మ వెనకాల నిలబడి నవ్వు ఆపుకుంది.

మూడో రోజు ఇంటికొచ్చేసరికి గుమ్మంలోనే సబ్బు వాసన. దుమ్ము ఉండకూడదన్నారని ఫోనులో విని ఇస్త్రీ మామ ఇల్లంతా కడిగేశాడు. నేల, కిటికీలు, మిషను కాళ్లు అన్నీ తళతళలాడుతున్నాయి. ఆవిడకి అవేమీ కనిపించలేదు. ఒక కంటికి కట్టు, రెండో కంట్లో ఇంకా పొర. తడుముకుంటూ గుడ్ల ట్రే కోసం వెతికింది. కత్తిరించే బల్ల మీద రెండు ఇస్త్రీ బుట్టలు, వాటిలో గుడ్లు తగిలాయి. ఒక గుడ్డు తీసుకుని వేలితో రాసింది. నున్నగా ఉంది. ఇంకోటి తీసింది. అదీ నున్నగానే ఉంది. సుద్ద గరుకు ఎక్కడా తగల్లేదు.

"ఏమయ్యా, ఈ గుడ్లకేమైంది?"

"రెట్టలంటుకుని ఉంటే..." అంటూ ఆయన మొదలుపెట్టాడు. "శుభ్రం చేశా. నానబెట్టలేదు. గోరువెచ్చటి తడిగుడ్డతో మెల్లగా..."

"మరి గీతలు?"

"సుద్ద గీతలా? తుడిచేశా" అన్నాడు, అంత తేలిగ్గా.

మిషనత్త గొంతు బేకరీ దాకా వినిపించింది. "నీ చేతులు పడిపోను! నీ శుభ్రం తగలెయ్యా! పదకొండేళ్ల చాకిరీని తడిగుడ్డ పెట్టి తుడిచేశావు కదయ్యా! దొర ఏది, ఎర్రోడు ఏది, ఎవరు చెప్తారిప్పుడు, నీ బాబు చెప్తాడా?"

"అది కాదే, ముందు నేను..."

"నోరెత్తావంటే చూడు! మళ్లీ సింగారించి రెండు బుట్టల్లో సర్దావా? ఏది ఎవరిదో తెలియనప్పుడు రెండు బుట్టలెందుకు? ఒకటి చాలు!" అంటూ ఒక బుట్టని ఎత్తి రెండో దాంట్లోకి వొంచేసింది.

"ఆగాగు..." అన్నాడాయన.

ఆగలేదు. రెండు చేతులూ పెట్టి కలిపేసింది. ఒక గుడ్డు టక్కుమని పగిలి వేళ్ల మీద కారింది. ముందుకు చాచిన ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ఏదో అనబోయి ఆవిడ కంటికున్న కట్టు వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు. ఖాళీ బుట్ట తీసుకుని వెనక గదిలోకి వెళ్లిపోయాడు.

"అన్నీ పొదగెయ్యవే అక్కా" అంది చెల్లెలు గుమ్మంలోంచే, భయంభయంగా.

"అవ్వ ఒంటి కింద పన్నెండే పడతాయే. ఎక్కువ పెడితే అన్నీ చల్లబడి చస్తాయి." వీధిలో గడపగడపకీ చెల్లెల్ని పంపించి, పొదిగే పెట్ట ఎవరింట్లోనైనా ఉందేమో అడిగించింది. ఒక్కరింట్లోనూ లేదు. చివరికి కళ్లు మూసుకుని చేతికందిన పన్నెండు గుడ్లు ఏరింది. చెల్లెలు వాటిని తీసుకెళ్లి అవ్వ కింద పెట్టింది. మిగిలిన పదిహేడూ వారం చూసి, ఇక పనికిరావని బేకరీ ఆయనకి ఇచ్చేసింది. మంచి మనిషి, కేకు చేసి ఒక ముక్క పంపాడు. ఆ ముక్కని మిషనత్త నోట్లో పెట్టుకోలేదు. "ఇందులో దొర పిల్లలెన్ని ఉన్నాయో!" అని పళ్లెంతో సహా వెనక్కి పంపించింది.

ఇక చూడాలి ఆ ఇరవై ఒక్క రోజులు. కాఫీ వేడి తగ్గితే గుడ్ల మాట, తలుపు చప్పుడైతే గుడ్ల మాట. "నీకు కట్టబెట్టినవాళ్లననాలి", "నువ్వు తుడవని వస్తువు ఈ ఇంట్లో నేనొక్కదాన్నే, నన్ను కూడా తుడిచెయ్" అని పొద్దున లేచింది మొదలు అదే పారాయణం. చుక్కల మందు రోజుకి నాలుగుసార్లు ఇస్త్రీ మామే వేసేవాడు. ఆవిడ కుర్చీలో తల వెనక్కి వాల్చి, కన్ను పెద్దది చేసి, తిట్లు ఆపకుండానే వేయించుకునేది. ఆయన రెప్ప పట్టుకుని, చుక్క వేసి, మెత్తటి గుడ్డతో చెంప అద్ది వెళ్లిపోయేవాడు. ఎదురు మాట లేదు. ఎదురు చెప్పకపోతే కోపం ఇంకా రెట్టింపయ్యేది ఆవిడకి.

ఇరవై ఒకటో రోజున ఎనిమిది పిల్లలు లేచాయి. చెల్లెలు ఒక్కొక్కటీ తెచ్చి అరచేతిలో పెడుతుంటే, మిషనత్త చూపుడువేలితో మెడలు తడిమింది. దొర పిల్లల్లో సగానికే మెడ బోసిగా వస్తుంది. ఎర్రోడి పిల్లల్లో ఒక్కదానికీ రాదు. మొదటిది ఈకలు. రెండోది ఈకలు. ఏడో దాని వరకు అన్నీ ఈకలే. ఎనిమిదో దాని మెడ వెచ్చగా, ఉత్త చర్మంతో వేలికి తగిలింది.

"ఒక్కటి" అంది మిషనత్త. "పదకొండింటికి ఒక్కటి! విన్నావా, ఓ శుభ్రాల మనిషీ?"

వెనక గదిలో నీళ్ల చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది.

నెల నిండింది. మందు సీసా ఖాళీ అయింది. డాక్టరు చూసి, కన్ను బాగా మానింది, ఇక మీ పనులు మీరు చేసుకోండి అన్నాడు. మర్నాడు పొద్దున్నే మిషనత్త కొత్త కళ్లద్దాలు పెట్టుకుని, యూనిఫారాల మూట తీసుకుని, నెల తర్వాత మొదటిసారి ఇస్త్రీ గదిలో అడుగు పెట్టింది. లోకం ఇంత స్పష్టంగా ఉంటుందని మర్చిపోయింది. గోడ మీద పెచ్చులు, ఆవిరిలో తేలే నూలు పోగులు, మొగుడి చెవి మీద నెరిసిన వెంట్రుకలు, అన్నీ కనిపిస్తున్నాయి. మూట పెట్టడానికి మూలనున్న ఖాళీ బుట్ట లాగింది. దాని అంచుకి ఒక గుడ్డ చీటీ గుచ్చి ఉంది. నల్లటి సిరాతో పెద్ద ఇంటూ గుర్తు. దాని పక్కన: దొర, 11.

మిషనత్త మూట కింద పెట్టేసింది. చీటీ రెండుసార్లు చదివింది. ఇలాంటి బుట్టలు రెండు ఆ రోజు తన బల్ల మీద ఉన్నాయి. రెండు ఎందుకని తిట్టిందే గానీ, జవాబు విననే లేదు.

"ఇదేంటి?"

"చీటీ" అన్నాడు ఇస్త్రీ మామ, చేతిలో ఇస్త్రీ పెట్టె ఆపకుండా.

"ఎప్పుడు గుచ్చావు?"

"తుడవక ముందు. వేరు చెయ్యకుండా నేను ఎప్పుడైనా తడిపానా?"

"మరి నేను కలిపేస్తుంటే నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?"

"ఆగమన్నాను."

"గట్టిగా అనాలి!"

"నీకు వినపడేంత గట్టిగా నాకు రాదు" అన్నాడాయన. గొంతులో నిష్ఠూరం లేదు, ఉన్న మాట చెప్పినట్టు చెప్పాడు.

మిషనత్తకి మొహం ఎర్రబడింది. "పోనీ, ఆ తర్వాతైనా చెప్పి చావచ్చుగా! నెల రోజులు! ఒకటి కాదు, రెండు కాదు, నెల రోజులు నిన్ను తిట్టి తిట్టి పోశానే! చెంప మీద కొట్టినట్టు, నువ్వే కలిపావే అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?"

ఆయన పెట్టె నిలబెట్టాడు. చొక్కా చేతులు మడిచాడు, అంచులు మడిచాడు, కాలరు సర్దాడు. మొదటిసారి ఆవిడ మధ్యలో దూరకుండా ఆగింది.

"కలిసిపోయాయి. చెప్తే మాత్రం విడిపోతాయా? నీకు తెలిస్తే ఏడుస్తావు. ఏడవకూడదన్నారు కదా." మడిచిన చొక్కా బుట్టలో పెడుతూ అన్నాడు, "తిడితే కంటికేమన్నా అవుతుందా అని నర్సమ్మకి ఫోన్ చేసి అడిగా. ఏం కాదు, తిట్టుకోనియ్యండి అంది."

మిషనత్త నోరు తెరిచింది. తిట్టు రాలేదు. నలభై ఏళ్లలో అలా ఎప్పుడూ జరగలేదు. ఇస్త్రీ బల్ల అంచు పట్టుకుని, ఫ్యాక్టరీ నుంచి గెంటేసిన రోజు ఏడవని ఏడుపు, దొరని పూడ్చిన రోజు ఏడవని ఏడుపు, అంతా కలిపి ఏడ్చింది. మధ్యమధ్యలో "ఎవరడిగారయ్యా నిన్ను? ఎవరు తిట్లు పడమన్నారు నిన్ను?" అని వెక్కుతూ ఆయన భుజం మీద పిడికిలితో గుద్దింది. ఆయన గుద్దించుకున్నాడు. మెత్తటి గుడ్డ తీసి, ఆపరేషన్ అయిన కంటి కింద అద్దాడు.

"మందు నిన్నటితో అయిపోయిందిలే" అన్నాడు. "ఏడువు."

ఆవిడ ముక్కు చీది, కళ్లద్దాలు తుడిచి పెట్టుకుంది. పెరటి గుమ్మంలోంచి చూస్తే అవ్వ వెనకాల ఎనిమిది పిల్లలు నడుస్తున్నాయి. చివర నడిచే బోసిమెడది ఎవరినీ లెక్క చెయ్యకుండా మట్టి కెలుకుతోంది. మిషనత్త బుట్ట అంచు నుంచి చీటీ ఊడదీసి మొగుడి చేతిలో పెట్టింది.

"పదకొండు కొట్టేసి, ఒకటి అని రాయి. ఎడమ దొడ్డి తలుపుకి గుచ్చుదాం" అంది. గొంతులో కోపం అప్పుడే తిరిగొస్తోంది. "సుద్దతో రాశావంటే చంపేస్తా."

ఆయన సిరా సీసా మూత తిప్పాడు.